మూడేళ్ళ కోసం గీసిన ఓడ: విమాన వాహక నౌకలూ వాటి విడిభాగాల కథ

1970 జూన్‌లో అప్పటి బొంబాయి నేవల్ డాక్‌యార్డులో ఐఎన్ఎస్ విక్రాంత్ బాయిలర్లను పరీక్షించిన ఇంజినీర్లకు నీటి డ్రమ్ముల లోపలి వైపు పగుళ్ళు కనిపించాయి. ఒకటి రెండు కాదు, చాలా ఉన్నాయి. వెల్డింగ్ చేసి పూడ్చే రకం పగుళ్ళు కావవి. డ్రమ్ములే మార్చాలి. అలాంటి డ్రమ్ములు మన దేశంలో దొరకవు. దాంతో నాలుగు కొత్త డ్రమ్ముల కోసం బ్రిటన్‌కు ఆర్డరు పంపారు. తదుపరి ఆదేశాలు వచ్చేదాకా బాయిలర్లు వెలిగించవద్దని నౌకాదళ ప్రధాన కార్యాలయం చెప్పింది.

అప్పట్లో భారత్‌కు ఉన్న ఏకైక విమాన వాహక నౌక విక్రాంత్. ఏడు నెలలపాటు దాని ప్రధాన యంత్రాలు కదల్లేదు. ఈలోగా తూర్పు పాకిస్తాన్‌లో పరిస్థితులు విషమించాయి, యుద్ధం తప్పదనే మాట వినిపించసాగింది. డ్రమ్ములు మాత్రం రాలేదు. 1971 ఫిబ్రవరి చివర్లో ఓడను డ్రమ్ములు మార్చకుండానే లంగరు చోటికి తీసుకెళ్ళి, మార్చి 1న తక్కువ పీడనంతో బాయిలర్లు వెలిగించి చూశారు. జూన్‌లో సముద్రం మీద పరీక్షలు జరిగాయి. నాలుగు బాయిలర్లలో పనిచేస్తున్న మూడింటి చుట్టూ ఉక్కు పట్టీలు బిగించారు. ఎక్కడైనా ఆవిరి కారుతోందేమో కనిపెట్టడానికి చూపు కిటికీలు అమర్చారు. వేగాన్ని 14 నాట్‌లకు, అంటే గంటకు దాదాపు 26 కిలోమీటర్లకు పరిమితం చేశారు. ఆ ఓడ కొత్తలో గంటకు 45 కిలోమీటర్ల దాకా వెళ్ళగలిగేది.

ఇలాంటి ఓడను యుద్ధానికి పంపాలా వద్దా అన్న చర్చ జరిగింది. 1965 యుద్ధంలో విక్రాంత్ రేవు దాటలేదు. ఈసారీ అదే జరిగితే జనం దాన్ని తెల్ల ఏనుగు అంటారని, నౌకాదళ వైమానిక విభాగానికే చెల్లుచీటీ రాస్తారని నౌకాదళాధిపతి అడ్మిరల్ ఎస్.ఎం. నందాకు ఫ్లీట్ ఆపరేషన్స్ ఆఫీసర్ కెప్టెన్ గులాబ్ హీరానందానీ వాదన వినిపించారు. ఓడ బంగాళాఖాతానికి వచ్చింది. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3-4 తేదీల మధ్య రాత్రి విశాఖపట్నం తీరంలో మునిగిపోయింది. విక్రాంత్ అప్పటికి అక్కడ లేదు, అండమాన్ దీవుల వైపు ఉంది. డిసెంబరు 4న దాని డెక్ మీద నుంచి లేచిన సీ హాక్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి.

ఆ విజయం గురించి మనకు బాగా తెలుసు. విశాఖవాసులకు ఘాజీ కథ చెప్పనక్కర్లేదు. కానీ ఆ ఓడ పగిలిన డ్రమ్ములతో, కుంటి నడకతో యుద్ధానికి వెళ్ళిందన్న సంగతి తక్కువమందికి తెలుసు. పాతిక వేల జనాభా ఉన్న పట్టణంలో కూడా మోటారు సైకిలు విడిభాగం దొరుకుతుంది కదా, దేశానికి ఉన్న ఒక్క విమాన వాహక నౌకకు నాలుగు డ్రమ్ములు ఎందుకు దొరకలేదు?

డ్రమ్ము ఎందుకు పగిలింది?

విక్రాంత్‌లో ఉన్నవి మూడు డ్రమ్ముల బాయిలర్లు. పైన ఒక పెద్ద డ్రమ్ము, కింద ఇరువైపులా రెండు చిన్నవి ఉంటాయి. పైదాన్ని కిందివాటితో కలుపుతూ వందల కొద్దీ సన్నని గొట్టాలు దిగుతాయి. ఎదురుగా నిలబడి చూస్తే త్రికోణంలా కనిపిస్తుంది. ఆ త్రికోణం మధ్యలో నూనె మండుతుంది. గొట్టాల్లోని నీరు వేడెక్కి, ఆవిరై పై డ్రమ్ములోకి చేరుతుంది. అక్కడి నుంచి టర్బైన్లకు వెళుతుంది. కింది రెండూ నీటి డ్రమ్ములు. పగుళ్ళు వచ్చింది వీటిలోనే.

ఇనుప తీగను ఒక్కసారి వంచితే తెగదు. అటూ ఇటూ పదే పదే వంచితే తెగుతుంది. దీన్నే లోహం అలసట అంటారు. బాయిలర్‌ను వెలిగించిన ప్రతిసారీ డ్రమ్ము వ్యాకోచిస్తుంది, లోపల పీడనం పెరుగుతుంది, చల్లార్చినప్పుడు ముడుచుకుంటుంది. ఏళ్ళ తరబడి ఇలా సాగితే కంటికి ఆనని చిన్న లోపం దగ్గర పగులు మొదలై, ప్రతి విడతకూ కొంచెం కొంచెం లోపలికి పాకుతుంది. పైగా డ్రమ్ము గోడకు గొట్టాలు దూర్చడానికి వరసగా కన్నాలు వేసి ఉంటాయి. రెండు కన్నాల మధ్య మిగిలే లోహం సన్నని పట్టీ మాత్రమే, ఒత్తిడంతా అక్కడే పడుతుంది. అలాంటి చోట వెల్డింగ్ చేస్తే, ఆ వేడికి పక్కనున్న లోహం స్వభావమే మారిపోతుంది. ఒక పగులు పూడ్చబోయి రెండో పగులుకు దారి వేసినట్టవుతుంది.

ప్రెషర్ కుక్కర్ వాడేవారికి మిగతా ప్రమాదం ఊహించడం కష్టం కాదు. పీడనం వల్ల బాయిలర్‌లోని నీరు 200 డిగ్రీల సెల్సియస్ దాటినా ద్రవంగానే ఉంటుంది. డ్రమ్ము చీలితే ఆ పీడనం ఒక్కసారిగా పడిపోతుంది, నీటిలో కొంత భాగం క్షణంలో ఆవిరైపోతుంది. ఒక లీటరు నీరు మామూలు వాతావరణ పీడనం వద్ద ఆవిరిగా మారితే దాదాపు 1,600 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. మూసి ఉన్న బాయిలర్ గదిలో పనిచేసేవాళ్ళకు దీని అర్థమేమిటో చెప్పనక్కర్లేదు. 1971లో ఆ గదుల్లో డ్యూటీ చేసినవాళ్ళ గురించి పుస్తకాల్లో పెద్దగా రాయలేదు, రాయాల్సింది.

1942 నాటి లెక్క

విక్రాంత్ పుట్టుక రెండో ప్రపంచ యుద్ధం నాటిది. పెర్ల్ హార్బర్ తర్వాత సముద్రాన్ని ఏలేది యుద్ధనౌకల ఫిరంగులు కావని, విమానాలేనని తేలిపోయింది. బ్రిటన్‌కు వాహక నౌకలు కావాలి, అదీ వెంటనే కావాలి. మందపాటి కవచంతో కట్టే పెద్ద ఓడలకు ఏళ్ళు పడుతుంది, వాటిని కట్టగల యార్డులన్నీ అప్పటికే నిండిపోయాయి. అందుకే 1942లో తేలికపాటి వాహక నౌక నమూనా ఒకటి తయారుచేశారు. దాన్ని రూపొందించిన విక్కర్స్-ఆర్మ్‌స్ట్రాంగ్ సంస్థ ఓడ అడుగు భాగాన్ని యుద్ధనౌకల ప్రమాణాలతో కాక సరుకు రవాణా ఓడల ప్రమాణాలతో గీసింది. యుద్ధనౌకలు కట్టిన అనుభవం లేని యార్డులు కూడా దాన్ని కట్టగలగాలన్నది ఉద్దేశం. ఓడ ఎన్నాళ్ళు పనిచేయాలి? మూడేళ్ళు, లేదా యుద్ధం ముగిసేదాకా. అంతే.

మొత్తం 16 ఓడలకు ఆర్డర్లిచ్చారు. అందులో పది కొలోసస్ తరగతివి. మిగతా ఆరింటిలో మరింత బరువైన విమానాల కోసం డెక్‌ను బలపరిచారు, వాటిని మెజెస్టిక్ తరగతి అన్నారు. ఆ ఆరింటిలో ఒకటి హెర్క్యులీస్. 1943లో టైన్ నది ఒడ్డున దాని నిర్మాణం మొదలైంది. 1945 సెప్టెంబరులో నీళ్ళలోకి దించేసరికి యుద్ధం అయిపోయింది. 1946లో పని ఆపేసి సగంలో వదిలేశారు. పదేళ్ళకు పైగా అలాగే పడి ఉన్న ఆ ఓడను 1957 జనవరిలో భారత్ కొన్నది. బెల్‌ఫాస్ట్‌లోని హార్లాండ్ అండ్ వుల్ఫ్ యార్డులో పూర్తి చేయించి, 1961 మార్చి 4న విక్రాంత్ పేరుతో నౌకాదళంలో చేర్చుకుంది. నాడు అక్కడ ఆ కార్యక్రమం నిర్వహించింది బ్రిటన్‌లో మన హైకమిషనర్ విజయలక్ష్మీ పండిత్.

మూడేళ్ళు చాలనుకున్న నమూనాతో వచ్చిన ఓడ 1997 జనవరి దాకా, 36 ఏళ్ళు మన దగ్గర కొలువు చేసింది. దీన్ని బ్రిటిష్ ఇంజినీర్ల గొప్పతనమని కొందరు రాస్తారు. అది సగం నిజం. మిగతా సగం, ఆ ఓడను అన్నేళ్ళు నడిపిన డాక్‌యార్డు పనివాళ్ళది. మూడేళ్ళ కోసం గీసిన ఓడకు ముప్పై ఏళ్ళకు సరిపడా విడిభాగాలు ఎవరు చేసి పెడతారు? పైగా 1970 నాటికి బ్రిటిష్ నౌకాదళం ఆవిరి యంత్రాలను వదిలి గ్యాస్ టర్బైన్ల వైపు మళ్ళుతోంది. పాతికేళ్ళ కిందటి కొలతలతో నాలుగు డ్రమ్ములు చేయడం ఏ ఫ్యాక్టరీకైనా మామూలు పని కాదు, ప్రత్యేకంగా చేయాల్సిందే. విక్రాంత్‌కు కొత్త బాయిలర్లు వచ్చింది 1979-82 మధ్య జరిగిన పెద్ద మరమ్మతులో.

ఒకే కడుపున పుట్టినవాళ్ళు

ఆ 16 ఓడల్లో చాలావాటిని యుద్ధం తర్వాత రకరకాల దేశాలు కొనుక్కున్నాయి. ఆస్ట్రేలియా, కెనడా, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, బ్రెజిల్, అర్జెంటీనా, భారత్. వేర్వేరు జెండాల కింద తిరిగినా అవి ఒకే నమూనా నుంచి వచ్చిన తోబుట్టువులు. దాని వల్ల ఒక విచిత్రమైన ప్రయోజనం కలిగింది.

మెజెస్టిక్ తరగతిలో లెవియాథన్ అనే ఓడ చివరిదాకా పూర్తి కానేలేదు. దాన్ని ఏ దేశమూ కొనలేదు. 1968 ఏప్రిల్ 26న నెదర్లాండ్స్ వాహక నౌక కారెల్ డోర్మాన్ బాయిలర్ గదిలో మంటలు చెలరేగాయి. అది కొలోసస్ తరగతి ఓడ. కొత్త బాయిలర్లు చేయించాలంటే కాలమూ డబ్బూ పట్టేవి. కానీ బ్రిటన్‌లో ఒక్కరోజు కూడా సముద్రం మీద తిరగని లెవియాథన్ తుక్కుకు సిద్ధంగా ఉంది. దాని బాయిలర్లు తీసి కారెల్ డోర్మాన్‌కు అమర్చారు. నెదర్లాండ్స్ ఆ ఓడను అర్జెంటీనాకు అమ్మేసింది. అది వెయింతిసింకో దె మాయో అనే పేరుతో అర్జెంటీనా నౌకాదళంలో చేరింది.

కథ అక్కడితో ఆగలేదు. 1990లు వచ్చేసరికి ఆ అర్జెంటీనా ఓడే కదలలేని స్థితికి చేరింది. పొరుగున ఉన్న బ్రెజిల్‌లో అదే కుటుంబానికి చెందిన మినాస్ జెరైస్ ఇంకా తిరుగుతోంది. 1990ల మధ్యలో దాని కాటపుల్ట్ మరమ్మతుకు అర్జెంటీనా ఓడ నుంచి తీసిన భాగాలు వాడారు. అంటే, లెవియాథన్ బాయిలర్లు వెయింతిసింకో దె మాయోకు, వెయింతిసింకో దె మాయో భాగాలు మినాస్ జెరైస్‌కు. మినాస్ జెరైస్ 2001 దాకా పనిచేసింది. చివరికి ఈ రెండు దక్షిణ అమెరికా ఓడలూ తుక్కు కోసం చేరిన చోటు మన గుజరాత్‌లోని అలంగ్ తీరం.

ఒక ఓడ నుంచి భాగాలు తీసి మరో ఓడకు బిగించడం ఏ నౌకాదళానికీ గర్వంగా చెప్పుకునే విషయం కాదు. కానీ అందరూ చేస్తారు. విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలిచిన కుర్సురా జలాంతర్గామిని చూసే ఉంటారు. 1970లలో కొంతకాలం అది పనిచేయకుండా పక్కన ఉంది. తోటి జలాంతర్గాములకు కావలసిన భాగాలను దాని నుంచే తీసేవారు. తర్వాత సోవియట్ యూనియన్‌లో మరమ్మతు చేయించుకుని 1982లో మళ్ళీ విధుల్లోకి వచ్చింది. ఇప్పుడు టికెట్ కొని లోపలికి వెళ్ళే పిల్లలకు ఆ సంగతి కూడా చెబితే బాగుంటుంది.

ఆవిరి, గాలి, డెక్

విక్రాంత్ సగంలో ఆగిపోవడం ఒక రకంగా మన అదృష్టం. దాన్ని 1945లోనే పూర్తి చేసి ఉంటే పాతకాలపు తిన్నని డెక్‌తో వచ్చేది. తర్వాతి పదేళ్ళలో బ్రిటన్‌లో మూడు ఆవిష్కరణలు వాహక నౌకల రూపాన్నే మార్చేశాయి. మొదటిది, దిగే దారిని ఓడ పొడవుకు కొంచెం వాలుగా గీయడం. 1951లో కెప్టెన్ డెన్నిస్ కాంబెల్ ముందుకు తెచ్చిన ఆలోచన ఇది. డెక్ మీది తీగ అందక జారిపోయిన విమానం ముందు నిలిపి ఉన్న విమానాలను గుద్దుకోకుండా, ఇంజిన్ పెంచి మళ్ళీ గాల్లోకి లేచిపోవచ్చు. రెండోది నికొలస్ గుడ్‌హార్ట్ సూచించిన అద్దం. పైలట్‌కు తను సరైన కోణంలో దిగుతున్నాడో లేదో అందులోని వెలుగు చుక్క చెబుతుంది. మూడోది కాలిన్ మిచెల్ రూపొందించిన ఆవిరి కాటపుల్ట్. బెల్‌ఫాస్ట్‌లో పూర్తవుతున్నప్పుడు విక్రాంత్‌కు ఈ మూడూ అమర్చారు.

ఆవిరి కాటపుల్ట్‌లో తెలివంతా ఒక చీలికలో ఉంది. డెక్ కింద పొడవాటి గొట్టాలుంటాయి. వాటిలో పిస్టన్లు ఆవిరి తోపుతో దూసుకెళతాయి. పిస్టన్ విమానాన్ని లాగాలంటే గొట్టం పైభాగాన పొడవునా చీలిక ఉండాలి. చీలిక ఉంటే ఆవిరి బయటికి పోతుంది. అందుకని చీలికను ఒక లోహపు పట్టీ మూసి ఉంచుతుంది. పిస్టన్ వెళ్ళే చోట మాత్రం పట్టీ తెరుచుకుని, వెంటనే మళ్ళీ మూసుకుంటుంది. బ్యాగు జిప్పు లాగినట్టు. అరిగిపోయేది, తరచూ సరిచూడాల్సింది ఆ పట్టీయే. కొలతల్లో కాస్త తేడా వచ్చినా ఆవిరి వృథా, తోపు తక్కువ.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక విమానం లేవడానికి రెక్కల మీదుగా గంటకు 180 కిలోమీటర్ల వేగంతో గాలి పారాలనుకుందాం. సముద్రం మీద గాలి లేదు. ఓడ గంటకు 45 కిలోమీటర్లతో ముందుకు వెళితే ఆ మేరకు ఎదురుగాలి దానంతటదే దొరుకుతుంది. కాటపుల్ట్ ఇవ్వాల్సింది మిగతా 135. అదే ఓడ 26 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతే కాటపుల్ట్ 154 ఇవ్వాలి. శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అదే విమానానికి ఇప్పుడు 30 శాతం ఎక్కువ శక్తి కావాలి. ఆ శక్తినిచ్చే ఆవిరి ఎక్కడిది? అవే బాయిలర్లది. డ్రమ్ము పగిలితే ఓడ వేగమే కాదు, విమానం మోయగల బాంబుల బరువూ తగ్గుతుంది.

1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధంలో అర్జెంటీనాకు ఇది అనుభవంలోకి వచ్చింది. మే 2 ఉదయం వెయింతిసింకో దె మాయో మీది స్కైహాక్ విమానాలు బ్రిటిష్ నౌకల మీద దాడికి సిద్ధమయ్యాయి. కానీ ఆ పూట గాలి పడిపోయింది. బాంబులు నింపుకున్న విమానాలను ఆ పాత ఓడ, ఆ పాత కాటపుల్ట్ లేపలేవని తేలి దాడి విరమించారు.

విక్రాంత్ కాటపుల్ట్‌ను మనవాళ్ళు 1980ల చివర్లో తీసేశారు. సీ హారియర్ విమానాల కోసం ముందు భాగాన పైకి వంగిన ర్యాంపు కట్టారు. ర్యాంపులో కదిలే భాగాలుండవు. అరగడానికేమీ లేదు, ఆర్డరు పెట్టడానికీ ఏమీ లేదు. కాటపుల్ట్ ఎక్కించినంత బరువును ర్యాంపు ఎక్కించలేదన్నది నిజమే. కానీ విడిభాగాల జాబితా చూసుకుని ఏడ్చినవాళ్ళకు ఆ ర్యాంపు ఎంత ముద్దొచ్చి ఉంటుందో ఊహించవచ్చు.

ఓడ ఉంటే సరిపోదు

విమానాల సంగతి వేరు. సీ హాక్‌ల తయారీ ఆగిపోయాక, పశ్చిమ జర్మనీ నౌకాదళం వాడి పక్కన పెట్టినవాటిని కొనుక్కున్నాం. సీ హారియర్‌ను ప్రపంచంలో వాడింది రెండే దేశాలు, బ్రిటన్, భారత్. బ్రిటన్ 2006లో వాటికి సెలవిచ్చేసింది. ఆ తర్వాత మన సీ హారియర్లకు తోడు లేకుండా పోయింది. 2016 మే నెలలో అవీ విరమించాయి. వాటిని మోసిన ఐఎన్ఎస్ విరాట్ పది నెలల తర్వాత, 2017 మార్చి 6న సెలవు తీసుకుంది. ఆ విరాట్ కూడా ఒంటరి ఓడే. హెర్మెస్ పేరుతో బ్రిటన్‌కు సేవ చేసిన దాన్ని మనం 1986లో కొనేనాటికి దాని తరగతిలోని మిగతా మూడు ఓడలూ తుక్కయిపోయాయి. భాగం కావాలంటే అడగడానికి అక్కచెల్లెళ్ళెవరూ లేరు.

తర్వాత వచ్చిన ఐఎన్ఎస్ విక్రమాదిత్యది మరో రకం చిక్కు. సోవియట్ యూనియన్ దీన్ని నల్లసముద్రానికి దగ్గరలోని మికొలాయివ్ యార్డులో కట్టింది. 1991లో సోవియట్ యూనియన్ విడిపోవడంతో ఓడ రష్యాకు, కట్టిన యార్డు ఉక్రెయిన్‌కు వెళ్ళాయి. రష్యాలో దీన్ని మార్చే పని సెవెరోద్విన్‌స్క్‌లోని సెవ్‌మాష్‌కు అప్పగించారు. అది అణు జలాంతర్గాములు కట్టడంలో ఆరితేరిన యార్డు, వాహక నౌకలతో దానికి పరిచయం లేదు. 2004లో 97.4 కోట్ల డాలర్లనుకున్న ఒప్పందం 2010 నాటికి దాదాపు 235 కోట్ల డాలర్లయింది. పాత ఓడ విప్పితే గానీ లోపల ఏముందో తెలియదన్న మాట ఇల్లు మరమ్మతు చేయించినవాళ్ళకు కొత్త కాదు.

2012 సెప్టెంబరులో సముద్ర పరీక్షల్లో దాని ఎనిమిది బాయిలర్లలో ఏడు మొరాయించాయి. కారణం బాయిలర్ లోపలి పూత. వేడి బయటికి పోకుండా పాత పద్ధతిలో ఆస్‌బెస్టాస్ వాడాలి. అది పీల్చితే ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి కాబట్టి భారత్ వద్దన్నది. బదులుగా పెట్టిన ఇటుకలు పూర్తి వేగం దగ్గర వేడికి తట్టుకోలేకపోయాయి. మనం అడిగింది న్యాయమే. సిబ్బంది ఊపిరితిత్తులు పణంగా పెట్టి ఓడ నడపలేం. కానీ ఒక పదార్థాన్ని మార్చినప్పుడు దాని చుట్టూ ఉన్న లెక్కలన్నీ మళ్ళీ చూసుకోవాలని ఆ ఇటుకలు గుర్తుచేశాయి. ఓడ మన చేతికి రావడం మరో ఏడాది ఆలస్యమై, 2013 నవంబరు 16న నౌకాదళంలో చేరింది.

దాని మీది మిగ్-29కె విమానాల గురించి 2016లో కాగ్ ఒక నివేదిక ఇచ్చింది. ఒకే సీటు విమానాల్లో ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి 15.93 శాతం నుంచి 37.63 శాతం మధ్యే ఉంటున్నాయని తేల్చింది. డెక్ మీద దిగడమంటే రన్‌వే మీద దిగినట్టు మెత్తగా ఆనడం కాదు. విమానం దాదాపు పడినట్టే డెక్‌ను తాకుతుంది, వెంటనే తోక కొక్కెం తీగను పట్టుకుని వంద మీటర్ల లోపే ఆగుతుంది. ప్రతి దిగుడూ చక్రాల కాళ్ళ మీద, చట్రం మీద, లోపలి పరికరాల మీద ఒక దెబ్బ. ఇక్కడా మళ్ళీ లోహం అలసటే.

కంచన్‌బాగ్ ఉక్కు

కొత్త విక్రాంత్ కథలో హైదరాబాదుకు భాగముంది. స్వదేశంలో వాహక నౌక కట్టాలనుకున్నప్పుడు ఉక్కు రష్యా నుంచి తెప్పించాలన్నది మొదటి ఆలోచన. అది అనుకున్నట్టు రాలేదు. ఓడ కట్టడానికి మామూలు ఉక్కు పనికిరాదు. బలంగా ఉంటే చాలదు, చల్లని నీటిలో పెళుసెక్కకూడదు, సులువుగా వెల్డింగ్ కావాలి. ఈ మూడూ ఒకచోట కుదరడం కష్టం. బలం పెంచడానికి కార్బన్ పెంచితే వెల్డింగ్ దగ్గర పగుళ్ళు వస్తాయి. పెళుసుతనం ఏం చేస్తుందో 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో లోకం చూసింది. అప్పుడే కట్టిన షెనెక్టడీ అనే ట్యాంకర్ చలి రాత్రి రేవులో నిలబడ్డచోటే రెండుగా విరిగింది. ఫిరంగి పేలలేదు, తుపాను రాలేదు. ఉక్కే విరిగింది.

కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనా ప్రయోగశాల, డీఎంఆర్‌ఎల్, ఈ సమస్యను చేపట్టింది. కార్బన్‌ను తక్కువగా ఉంచి, నియోబియం, వనేడియం వంటి మూలకాలను చిటికెడు చొప్పున కలిపి, ఉక్కు లోపలి రేణువులు సన్నగా ఉండేలా చూసుకుంది. ఓడ దేహానికి డీఎంఆర్ 249ఏ, విమానాలు దిగే డెక్‌కు మరింత గట్టిదైన 249బి తయారయ్యాయి. 249ఏ ఉక్కును మైనస్ 60 డిగ్రీల దగ్గర సుత్తి దెబ్బ కొట్టి పరీక్షిస్తారు. ఆ చలిలోనూ అది గాజులా పగలకుండా సాగి దెబ్బను తట్టుకోవాలి. ప్రయోగశాలలో కిలోల్లో చేయడం ఒక ఎత్తు, వేల టన్నుల్లో ప్రతి పలకా ఒకేలా రావడం మరో ఎత్తు. ఆ పని బొకారో, భిలాయ్, రూర్కెలా కర్మాగారాల్లో సెయిల్ చేసింది. కొత్త విక్రాంత్‌కు దాదాపు 30,000 టన్నుల ఉక్కు అక్కడి నుంచే వచ్చింది. తర్వాత కమోర్టా తరగతి యుద్ధనౌకల్లోనూ ఇదే ఉక్కు వాడారు. అంటే రేపు డెక్‌లో ఒక పలక మార్చాల్సి వస్తే ఆర్డరు విదేశానికి వెళ్ళదు.

కొచ్చి షిప్‌యార్డులో 2009 ఫిబ్రవరిలో మొదలైన ఈ ఓడ 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరింది. పొడవు 262 మీటర్లు, వెడల్పు 62. దాదాపు 20,000 కోట్ల రూపాయల ఖర్చు. పాత విక్రాంత్‌కూ దీనికీ పేరు ఒకటే గానీ లోపల బాయిలర్లే లేవు. నాలుగు ఎల్ఎం2500 గ్యాస్ టర్బైన్లు కలిపి 88 మెగావాట్ల శక్తినిస్తాయి. ఇవి విమాన ఇంజిన్‌కు సముద్రపు రూపం. అమెరికన్ సంస్థ జీఈ నమూనాను లైసెన్సు మీద బెంగళూరులో హెచ్ఏఎల్ కూర్చింది. మన శివాలిక్ తరగతి ఫ్రిగేట్లలో ఉన్నవీ ఎల్ఎం2500లే. అందువల్ల పాత విక్రాంత్‌కు లేని తోబుట్టువులు కొత్త విక్రాంత్‌కు, కనీసం ఇంజిన్ వరకు ఉన్నాయి. బాయిలర్ డ్రమ్ముకు ఓడను నెలల తరబడి డాక్‌లో నిలపాల్సి వచ్చేది. ఇలాంటి టర్బైన్‌ను గాలి పీల్చే దారి గుండా మొత్తంగా పైకి తీసి, ఇంకొకటి దించే వీలుంటుంది. పాతదాన్ని ఒడ్డున తీరిగ్గా బాగుచేసుకోవచ్చు.

ఈ ఓడలో స్వదేశీ వాటా 76 శాతమని ప్రభుత్వం చెబుతోంది. మిగతా 24 శాతంలో ఏమున్నాయో చూడటం ఆ అంకె కంటే ఆసక్తికరం. దిగే విమానాన్ని ఆపే తీగల వ్యవస్థ రష్యా నుంచి వచ్చింది. ఆ తీగలు అరిగిపోయే సరుకు, కొన్ని పదుల దిగుళ్ళకో, వందకో మార్చాల్సినవి. టర్బైన్ల నమూనా మనది కాదు. విమానాలూ బయటివే. 2025 ఏప్రిల్‌లో 26 రఫేల్-ఎం విమానాల కోసం ఫ్రాన్స్‌తో ఒప్పందం కుదిరింది. వాటి రెక్కలు మడవడానికి వీల్లేనివి. డెక్ మీదికీ కిందికీ విమానాలను చేరవేసే లిఫ్టులను రెక్కలు మడిచే మిగ్-29కెను దృష్టిలో పెట్టుకుని గీశారు. అందుకే రఫేల్‌ను వాటిలో ఇరికించడం అంత సులువు కాదన్న చర్చ ఒప్పందానికి ముందు నుంచీ నడిచింది. విమానం మారొచ్చు, క్షిపణి మారొచ్చు, రాడార్ మారొచ్చు. ఆ లిఫ్టుల కొలతలు మాత్రం ఓడ కాగితం మీద ఉన్ననాడే ఖాయమైపోయాయి.